రెండు జానల కుచ్చిళ్ళు

లుంగ్ ఫా, దోంగ్ వాన్ కొండలు
1995 నవంబరు 5, ఆదివారం

లీయాకు,

మీ సూవా వదిన రాసేది. దక్షిణాన నువ్వూ మీ ఆయన పావూ కులాసా అని తలుస్తాను. ఇక్కడ మేమంతా కులాసా అని రాయాలి. రాయను. కులాసాగా లేం.

ఈ ఏడు చలి నెల ముందే దిగింది. పంది తొట్టిలో నీళ్ళు పొద్దున్నే పలకలా గట్టిపడి ఉంటున్నాయి. మీ అన్న సిన్ రాయి పెట్టి కొట్టి పగలగొడుతున్నాడు, అదో సరదా ఆయనకు. మీ అమ్మకు మాత్రం నరకం. లేచేసరికి వేళ్ళు పిడికిలిలా బిగుసుకుపోయి ఉంటాయి. ఒక్కొక్క వేలూ నేను విప్పాలి. వేడినీళ్ళలో ముంచి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఒక పూట గడిస్తే గానీ చెంచా పట్టుకోలేదు. మోకాళ్ళ సంగతి సరేసరి. "నీ మొగుడు ఆ తొట్టి పగలగొట్టినట్టే వీటినీ ఓ దెబ్బ వెయ్యమనవే, పని తీరిపోద్ది" అంటుంది. నవ్వుతూనే అంటుంది గానీ కళ్ళలో నీళ్ళుంటాయి.

నాభి దుంప సారాలో నానేసిన మందు రోజుకు మూడుసార్లు రుద్దుతున్నాను. వారానికోసారి నాభి గంజి కాస్తున్నాను. దుంప ఒక రోజంతా నానాలి, ఒక రోజంతా ఉడకాలి, అప్పుడే దాని విషం పోయేది. కట్టెలన్నీ దానికే పోతున్నాయని మీ అన్న గొణుగుతాడు. గొణగనీ.

అసలు సంగతి పావడాది. అత్త పోయే రోజున ఆమెకు కట్టాల్సిన నార పావడా. వడకడం, నేయడం, మైనంతో ముగ్గు గీసి నీలిలో ముంచడం, అంచు కుట్టడం అన్నీ అయిపోయాయి. నడుము దగ్గర కుచ్చిళ్ళే మిగిలాయి. ఇంకా రెండు జానలు. పోయిన చలికాలానికి మూడు జానలుండేవి. అంటే ఏడాది మొత్తానికి నడిచింది ఒక్క జానెడు. అవతలికి వెళ్ళినవాళ్ళను ముందే పోయిన మన పెద్దవాళ్ళు నారబట్ట చూసి, దాని మీద వాళ్ళ చేతి కుట్టు చూసి గుర్తుపడతారు. గుర్తుపట్టకపోతే గుమ్మం ఎక్కనివ్వరు. అందుకే మీ ఇంట్లో ఎవరిది వాళ్ళే కుట్టుకోవాలి, లేదా కడుపున పుట్టిన కూతురు కుట్టాలి. కోడలు సూది పెట్టకూడదు. నీకు ఇది చెప్పక్కర్లేదు. కానీ నువ్వెళ్ళి పదేళ్ళయింది, గుర్తుందో లేదోనని రాస్తున్నాను.

"లీయాను రమ్మనవే. దాని వేళ్ళకైతే పది రోజుల పని" అని రోజూ అంటోంది. ఈ చలికాలం దాటనని ఆమె భయం. నాకూ అదే భయం.

ఇంక రాయలేను. రా.

సూవా వదిన


క్రోంగ్ బోంగ్, దాక్ లాక్
1995 నవంబరు 26

సూవా వదినా,

నీ ఉత్తరం పద్దెనిమిది రోజులకు అందింది. అందగానే ముందు అక్షరాలు చూసి భయపడ్డాను. కోడి గెలికినట్టున్నాయి. సైనికులు పెట్టిన బడిలో మొత్తం ఊరికి నీ చేతిరాతే అందమైందని పలక పట్టుకు తిరిగిన దానివి కదా! అరపేజీ రాసి "ఇంక రాయలేను" అని ముగించావు. ఆడపడుచుకు ఒక పేజీ రాయడానికే అంత విసుగైతే ఏం చెప్పను వదినా.

అమ్మను చూడాలని నాకు మాత్రం లేదా? కానీ కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయి. ఇప్పుడు కోయకపోతే నేల పాలవుతాయి. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కొమ్మలు దూసి దూసి చేతులు జిగటగా నల్లబడిపోయాయి. కొత్త సంవత్సరం పండగ లోపు కోత అవదు. పావ్ ఒక్కడే ఏం చేయగలడు? అవగానే వస్తాను. ఒట్టు.

ఈలోగా ఒక మూట పంపుతున్నాను. చేతులకు ఊలు తొడుగులున్నాయి, మోకాళ్ళకు అంటించే మందు పట్టీలున్నాయి. పట్టీ ఒకటి రాత్రంతా ఉంచాలట. ఇంకా, అమ్మకు పావడా. అచ్చం మన ముగ్గులే, అవే రంగులు. కుచ్చిళ్ళన్నీ మిషను కుట్టు, ఒక్కటి కూడా వంకర లేదు. ఇక్కడికి వలస వచ్చిన మనవాళ్ళు చాలామంది ఇవే కొంటున్నారు. ఇంత చక్కటిది ఉండగా ఆ వంకర వేళ్ళతో అమ్మ ఎందుకు అవస్థపడాలి? అది పెట్టెలో పెట్టుకుని హాయిగా పొయ్యి దగ్గర కూర్చోమను.

అంతగా నారదే కావాలంటే ఆ రెండు జానలూ నువ్వే కుట్టేయరాదూ. ఎవరు చూడొచ్చారు? మనిషి బాధ కన్నా ఎక్కువా ఆచారం?

అన్నయ్యను సారా తగ్గించమను. పందికి పిల్లలెన్నో రాయలేదు నువ్వు.

నీ లీయా


లుంగ్ ఫా
1995 డిసెంబరు 17, ఆదివారం

లీయాకు,

మూట అందింది. చేతి తొడుగులు మంచివి. అత్త వేళ్ళు అందులో దూరవు, కణుపులు అంత లావయ్యాయి. మీ అన్న తొడుక్కుని ఊరంతా తిరుగుతున్నాడు. పట్టీలు అంటించాను. రెండు రోజులు హాయి అంది. మూడో రోజు తోలు ఊడింది.

పావడా సంగతి రాయాలి. అత్త దాన్ని ఒళ్ళో పరుచుకుని చాలాసేపు నిమిరింది. వాసన చూసింది. "బాగానే ఉందే, నీ ఆడపడుచుకు కళ్ళు బాగున్నాయి" అంది. తర్వాత అంచు ఒకటి పట్టుకుని పొయ్యిలో నిప్పు దగ్గరికి పెట్టింది. నారైతే కాలి బూడిదవుతుంది. ఇది కరిగింది లీయా. చుక్కలు చుక్కలుగా కారి నేల మీద పూసల్లా గట్టిపడింది. అత్త ఆ పూసలు చూస్తూ కూర్చుంది. "నన్ను ఇది కట్టి పంపితే, ఇదెక్కడి బొమ్మ అని అడుగుతుందే మా అత్త. తలుపు తియ్యదు" అంది. నువ్వు ప్రేమతోనే పంపావని నేను చెప్పాను. "తెలుసు, అందుకే ఏడుపొస్తోంది" అంది.

నన్ను కుట్టేయమన్నావు. ఎవరు చూడొచ్చారు అన్నావు. చూడొచ్చేవాళ్ళ కోసమే కదమ్మా ఆ పావడా.

మొన్నటి నుంచి చెట్లకు మంచు గడ్డకట్టింది. ఆవాల మొక్కలు మాడిపోయాయి. గేదెను ఇంట్లోనే కట్టేశాం. అత్త నడవడం మానేసింది. వీపు మీద ఎత్తుకుని బయటికి తీసుకెళ్తున్నాను. మందు రుద్దుతూనే ఉన్నాను, పైపైనే పోతోంది, ఎముక దాకా దిగడం లేదు. నిన్న సూది పట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. మూడు కుచ్చిళ్ళు పడ్డాయి. నాలుగోదానికి సూది జారి పొయ్యిలో పడింది. పిల్లలా బావురుమంది. అత్త ఏడవడం నేను మామయ్య పోయినప్పుడు కూడా చూడలేదు.

ఆమె చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను: "లీయా, కాఫీ ఏటా కాస్తుంది."

పంది ఏడు పిల్లలు పెట్టింది. రెండు చలికి పోయాయి.

సూవా


క్రోంగ్ బోంగ్
1995 డిసెంబరు 20

వదినా,

నా మూటకు జవాబు ఇంకా రాలేదు. నీ జవాబు కోసం ఆగే ఓపిక కూడా నాకు లేదు. మన ఊరి తోవా మామ ఇక్కడుండే తన కొడుకును చూడ్డానికి నిన్న వచ్చాడు. అమ్మ ఎలా ఉందని అడిగితే తల అటు తిప్పుకున్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. అమ్మ మందు కోసం ఏడుస్తోందట. సీసా తీసి ఇయ్యవే అని నిన్ను బతిమాలుతోందట. నువ్వు దాన్ని అటక మీద, చెయ్యందని చోట దాచిపెట్టావట! మామ మీ ఇంటికొచ్చిన రోజున కూడా అమ్మ అటక కేసే చూస్తూ కూర్చుందట.

చదువుతూ ముఖం మాడ్చుకోకు. ఉన్నమాటే రాస్తున్నాను. ఆ దుంపలు మా నాన్న తవ్వి తెచ్చినవి. ఆ సారా మా ఇంటి మొక్కజొన్న. మా అమ్మ నొప్పికి మా ఇంటి మందు కొలిచి ఇచ్చే అధికారం నీకెవరిచ్చారు? రుద్దితే పైపైనే పోతుంది, ఆ మాత్రం నాకూ తెలుసు. మా నాన్న చలికాలం నాగలి పట్టేముందు గోధుమరంగు సీసా ఎత్తి ఒక గుక్క తాగేవాడు. తాగితే కాళ్ళూ చేతులూ నూనె రాసినట్టు ఆడతాయనేవాడు. నేను కళ్ళారా చూశాను. సారాలో అన్నాళ్ళు నానాక ఇంకా విషమేం మిగులుతుంది? అమ్మకూ ఒక గుక్క పోస్తే ఆ రెండు జానలూ ఈపాటికి అయిపోయేవి.

నువ్వు నాకు రాసే ఉత్తరాలు చూస్తేనే తెలుస్తోంది, మా వాళ్ళంటే నీకు ఎంత విసుగో. రెండు గీతలు గీకి పడేస్తావు. ఇంట్లో అమ్మనూ అలాగే చూస్తున్నావన్నమాట.

సీసా దించు. అమ్మ చేతికియ్యి. ఇది నా మాటగా అమ్మకు చదివి వినిపించు. ఒక్క ముక్క కూడా దాటెయ్యకు.

లీయా


క్రోంగ్ బోంగ్
1996 జనవరి 6

వదినా, వదినా,

దీనికి ముందు నేను రాసిన ఉత్తరం చదవకు. వచ్చి ఉంటే పొయ్యిలో పడెయ్యి. సీసా దించకు. అమ్మకు ఇవ్వకు.

ఇవాళ పొద్దున తోవా మామ తిరుగు ప్రయాణమై చెప్పిపోవడానికి వచ్చాడు. వదినకు గట్టిగా బుద్ధి చెప్పాను మామా అని గొప్పగా చెప్పుకున్నాను. ఏం రాశావన్నాడు. చెప్పాను. నెత్తి కొట్టుకున్నాడు. "మీ నాన్న తాగింది వేరే దుంపే తల్లీ! నాభి సారా తాగిన మనిషి పొద్దుగూకేదాకా ఉండడు! మీ అమ్మ తాగేస్తానంటోందనే కదా ఆ పిల్ల అటకెక్కించింది! నా మాట పూర్తిగా విన్నావా అసలు?" అన్నాడు. నేను వినలేదు వదినా. అమ్మ ఏడుస్తోందన్న దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి.

తపాలా కచేరీకి పరిగెత్తి టెలిగ్రాం ఇచ్చాను. కొండ మీది ఊళ్ళకు పోదట, దోంగ్ వాన్‌లో ఆగుతుందట, సంతకొచ్చిన వాళ్ళ చేతికిస్తారట. ఇంకా త్వరగా పోయే దారి లేదా అని ఏడ్చాను. బల్ల దగ్గరి అమ్మాయి లేదని తల అడ్డంగా ఊపింది.

అక్కడే నీ డిసెంబరు ఉత్తరం చేతికిచ్చారు. పూసల్లా గట్టిపడిందని రాశావే, అది చదివాక అన్నం తినలేకపోయాను. అమ్మను వీపు మీద మోస్తున్నావని రాశావు. అలాంటి నిన్ను నేను అన్న మాటలు తలుచుకుంటే చచ్చిపోవాలని ఉంది.

నీ కాళ్ళు పట్టుకుంటాను. అమ్మ బాగుందని ఒక్క ముక్క రాయి.

లీయా


లుంగ్ ఫా
1996 జనవరి 14, ఆదివారం

లీయా,

మీ అమ్మ బతికే ఉంది. ముందు అది చదువుకో.

నీ టెలిగ్రాం ఇవాళ సంతలో ఇచ్చారు. ఎనిమిదో తేదీ నుంచి బల్ల మీదే ఉందట. సీసా దించమన్న నీ ఉత్తరాన్ని మీ అన్న ఏడో తేదీ సంతలోనే తెచ్చాడు. చూశావా, ఒక్క రోజు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకు అనుకూలంగా రాసుకోను.

నీ ఉత్తరం వస్తే అత్త పొయ్యి దగ్గర జరిగి కూర్చుని "చదవవే" అంటుంది. నీకు తెలియని మాట ఒకటి చెప్తాను. ఈ పదేళ్ళూ నీ ఉత్తరాల్లో ఎక్కడ దెప్పు ఉందో అక్కడ దాటేసి చదివేదాన్ని. ఎక్కడ రాలేనని రాశావో అక్కడ "త్వరలో వస్తా" అని చదివేదాన్ని. ఆ రోజు దాటలేదు. మా నాన్న తవ్వి తెచ్చినవి, మా ఇంటి మందు, నీకెవరిచ్చారు అధికారం అన్నీ గొంతెత్తి చదివాను. మీ అన్న వద్దని సైగ చేస్తున్నా ఆపలేదు. పద్నాలుగేళ్ళు ఈ ఇంట్లో పొయ్యి ఊదిన దాన్ని, నాకూ కడుపు మండుతుంది లీయా.

చదవడం అయ్యాక అత్త అటక కేసి చూసింది. "నా కూతురు ఇమ్మందిగా, ఇయ్యి" అంది. "మామయ్య తాగింది వేరే దుంప, నీకు తెలుసు కదత్తా" అన్నాను. "తెలుసులే, ఇయ్యి" అంది. అక్కడ నేను ఆగాల్సింది. ఆగలేదు. నిచ్చెనేసుకుని ఎక్కి సీసా దించి, ఆమె ఒళ్ళో పెట్టి, "ఇదిగో నీ కూతురి అధికారం" అని, బుట్ట తగిలించుకుని నీళ్ళకు పోయాను. మీ అన్న గేదెకు గడ్డి వేయడానికి పోయాడు. రుద్దుకుంటుందిలే, మూత కూడా తియ్యలేదు ఆ చేతులతో అనుకున్నాను. పళ్ళతో తీసింది.

నేను వచ్చేసరికి ఒళ్ళో పావడా పరుచుకుని, సూది చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. "పెదాలు తిమ్మిరెక్కాయే. వేళ్ళకూ ఎక్కుతోంది. నొప్పి లేదు. చూడు, నొప్పి లేదు" అంది, సంతోషంగా. సూది పట్టుకున్న సంగతి ఆమె వేళ్ళకు తెలియడం లేదు. బొటనవేలు నిండా నెత్తురు. తర్వాత వాంతులు.

మీ అన్న అత్తను కుర్చీకి కట్టి వీపు మీద వేసుకుని గడ్డకట్టిన రాళ్ళ మీద పరిగెత్తాడు. రెండుసార్లు పడ్డాడు. సరిహద్దు సైనికుల దగ్గరున్న డాక్టరు ఐదు రోజులు ఉంచుకున్నాడు. గుండె అదుపు తప్పి కొట్టుకుంది, ఇక అది మునుపటిలా ఉండదన్నాడు. నిన్న ఇంటికి తెచ్చాం. మాట నెమ్మదిగా వస్తోంది. కుడి చెయ్యి అసలు విచ్చుకోవడం లేదు.

నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండును.

నా అక్షరాల గురించి ఎత్తిపొడిచావు కాబట్టి రాస్తున్నాను. విసుగు కాదు లీయా. నా చేతులకూ వచ్చింది, రెండు చలికాలాలైంది. కలం పట్టుకుంటే మధ్యవేలు లాక్కుపోతుంది. నీళ్ళ బుట్ట తాడు పళ్ళతో ముడేస్తున్నాను. ఇంట్లో ఒకరు మూలుగుతుంటే ఇంకొకరు కూడానా అని మీ అన్నకు కూడా చెప్పలేదు. ఈ ఉత్తరం రాయడానికి మూడుసార్లు లేచి పొయ్యి దగ్గర చేతులు కాచుకున్నాను.

తప్పు నీదా నాదా అని తర్వాత తేల్చుకుందాం. అత్తకు ఆ పావడా కావాలి. ఒక్క పూట కూడా దాని మాట ఎత్తకుండా ఉండటం లేదు. ఎంత చెప్పినా నా చేతికి ఇవ్వదు. నీ చేతికే ఇస్తుంది. ఇంకా ఒకటిన్నర జాన ఉందనుకుంటోంది. రెండు జానలకు నాలుగు కుచ్చిళ్ళే తక్కువ, నేను కొలిచాను. చెప్పలేదు.

ఉత్తరం రాయకు. బయల్దేరు.

సూవా


లుంగ్ ఫా
1996 జనవరి 31

లీయా,

ఇరవై ఏడో తేదీ పొద్దున మీ అమ్మ పోయింది.

నువ్వు దారిలో ఉన్నావేమోనని నాలుగు రోజులు మలుపు దగ్గర మనిషిని ఉంచాం. నీకు నా ఉత్తరం ఇంకా అందే ఉండదని మీ అన్న అన్నాడు. అయినా ఉంచాం.

వారం రోజుల ముందు నుంచి చలి మరీ పెరిగింది. దగ్గు పట్టుకుంది. ఆ గుండె దగ్గును మోయలేకపోయింది. ఇరవై ఐదున తెలివి బాగా వచ్చింది. పావడా తెమ్మంది. ఒళ్ళో పెట్టాను. రెండు చేతుల మణికట్లతో దాన్ని దగ్గరికి లాక్కుని, మూతితో సూది పట్టబోయింది. నేను చూడలేకపోయాను. పాదాల దగ్గర కూర్చుని ఏడ్చాను. "అత్తా, నాకియ్యి. ఆచారం తప్పితే ఆ పాపం నాకు తగలనీ. నిన్ను గుమ్మం బయట నిలబెడతారంటే నేనెలా బతకను?" అన్నాను. "నీ కుట్టు వాళ్ళకు తెలియదే" అంది, కోపం లేకుండా. "నువ్వెవరమ్మా అంటారు. నేనేం చెప్పను?"

అప్పుడు తట్టింది నాకు. లేచి నా పెట్టె తెరిచి నా నార పావడా తీశాను. నా కోసం నేను కుట్టుకున్నది. అన్నీ నావే, కుచ్చిళ్ళు తప్ప. కొత్త కోడలిగా నేను పెట్టిన కుచ్చిళ్ళు చూసి, "ఇవి కుచ్చిళ్ళా, ముళ్ళకంపా" అని అత్త వాటిని ఊరందరి ముందూ విప్పేసింది. నేను ఉడుక్కుని మూడు రోజులు అన్నం మానేశాను. ఆ మూడు రోజుల్లో ఆమే కూర్చుని నడుము మొత్తం కుట్టి నా మంచం మీద పడేసింది. నువ్వప్పుడు పెళ్ళికాని పిల్లవు, కిలకిలా నవ్వావు.

దాన్ని ఆమె చెంప దగ్గర పెట్టాను. "ఈ కుచ్చిళ్ళు ఎవరివత్తా?" అన్నాను.

వేళ్ళకు తెలియదు కాబట్టి పెదవులతో తడిమి చూసింది. ఒక్కో మడతా. ఆ చివరిదాకా.

"నావే" అంది. తర్వాత, "అంచు మాత్రం నీదే, వంకరగా ఉంది. మా అత్త అడుగుతుంది" అంది.

"నా కోడలు మొద్దు, దాని పని అని చెప్పు."

"అలాగే చెప్తా" అంది. నవ్వింది. "నీకేదే మరి?"

"నాకింకా టైముందిలే" అన్నాను. నా చేతులు వెనక్కి పెట్టుకుని అన్నాను. మీ అమ్మ చూడలేదనుకుంటా. లేక చూసి ఊరుకుందేమో.

అదే కట్టి పంపాం. పోయినవాళ్ళకు దారి చూపే పాట పాడేవాడు ఆమె తిరిగిన ఊళ్ళన్నీ పేరు పేరునా చెప్తూ పుట్టింటి దాకా, అక్కడి నుంచి పెద్దవాళ్ళ గుమ్మం దాకా తీసుకెళ్ళాడు. నారబట్ట చూసి ఎవరూ మాట అనలేదు. నీ స్థానంలో ఎవరు ఏడుస్తారని అడిగారు. నేనే ఏడ్చాను, ఇద్దరి వంతూ.

ఇప్పుడు నీ మీద నాకు చెప్పలేనంత కోపంగా ఉంది. నీ రెండు మాటలు, నా నిచ్చెన. మధ్యలో ఆ ముసల్ది.

సూవా


క్రోంగ్ బోంగ్
1996 ఫిబ్రవరి 20

వదినా,

నీ రెండు ఉత్తరాలూ వెనకా ముందూ అందాయి. మొదటిది ఈ నెల రెండున అందింది. ఆ రోజే బయల్దేరాను. పండగ రోజులు కదా, బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. మూడు రోజులు బస్టాండులోనే పడుకున్నాను. పావ్ వచ్చి తీసుకొచ్చాడు. పండగ అయ్యాక పంపుతానన్నాడు. పండగ ముందు రోజు రెండో ఉత్తరం వచ్చింది.

నేనే చంపాను వదినా. అందంగా చెప్పడం నాకు రాదు. అమ్మను నేను చంపాను. నిచ్చెన ఎక్కింది నువ్వు కాదు, నేనే నిన్ను ఎక్కించాను. పదేళ్ళు నువ్వు దాటేసిన మాటలన్నీ ఒక్కసారి చదివించుకున్నాను. మాయదారి కాఫీ. ఈ ఏడు గింజ కూడా పుచ్చిపోయింది.

అమ్మ కట్టుకుంది నీ పావడా. నీకిప్పుడు ఏమీ లేదు. నీ చేతులు అలా ఉన్నాయి. ఇది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. అమ్మ పోయిన దుఃఖం ఒక పక్క, ఇది ఇంకో పక్క. నిన్ను కూడా గుమ్మం బయట నిలబెట్టే దాన్ని నేనే అవుతానా?

అమ్మ వదిలిపోయిన పావడా ఉందా? కాల్చేశారా? కాల్చకపోతే నాకియ్యి. ఆ రెండు జానలూ నేను కుడతాను. నీ కోసం. సూది పట్టి పదేళ్ళయింది, ముళ్ళకంపలా వస్తే నువ్వు విప్పేయ్, మళ్ళీ కుడతాను. ఇక్కడి ఎండకు నా వేళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. వాటితో నేను చేసిన మంచి పని ఇంతవరకూ ఒక్కటి లేదు.

నువ్వు రావద్దంటే రాను. రమ్మంటే పావ్ ఒప్పుకోకపోయినా వస్తాను. నార విత్తే రోజులకు అక్కడుంటాను.

నీ లీయా


లుంగ్ ఫా
1996 మార్చి 10, ఆదివారం

చెల్లీ,

ఇది నేను, సిన్ అన్నయ్యను రాస్తున్నాను. మీ వదిన చేతులు ఇవాళ విచ్చుకోలేదు. ఆమె చెబుతోంది, నేను రాస్తున్నాను. ఒక్క మాట మార్చినా ఊరుకోనంటోంది. కింద ఉన్నవన్నీ ఆమె మాటలే.

లీయా, పావడా కాల్చలేదు. ఎవరికిస్తారని పెద్దవాళ్ళు అడిగారు. జవాబు చెప్పకుండా పెట్టెలో పెట్టి తాళం వేశాను. నడుము దగ్గర సగం పైగా మీ అమ్మ చెయ్యి. మిగతాది నీ చెయ్యి. నాదొక్క కుట్టు కూడా ఉండదు. అవతల ఎవరివని అడిగితే ఈ ఇంటి దాన్నేనని నేను చెప్పుకుంటాను. అత్త అక్కడే ఉంటుందిగా, అవునో కాదో ఆమే చెప్తుంది.

బయల్దేరేముందు చెప్తున్నాను, విను. నీ మీద కోపం పోలేదు. వస్తే పోతుందని కూడా మాటివ్వను. నీ ముఖం చూడగానే తిడతాను, బహుశా నీ నెత్తిన ఏదైనా విసురుతాను. నా మీద నాకూ పోలేదు. పొద్దున్నే వేళ్ళు బిగుసుకున్నప్పుడు విప్పే దిక్కు లేక, అత్త చెయ్యి ఇలాగే పట్టుకునేదాన్ని కదా అని ఏడుస్తున్నాను. మీ అన్నకు ఆ పని రాదు, విరిచేస్తాడు.

(ఇది కూడా రాయమంది, రాశాను.)

రెండు జానలు కుట్టడానికి నీకు పది రోజులు పట్టదు, నెల పడుతుంది. మొదటి వారం కుట్టినవన్నీ నేను విప్పించేస్తాను. ఏడ్చుకో. నార విత్తడానికి చేను దున్ని ఉంచాం, రాళ్ళు ఏరాలి.

కోపం సంగతి వచ్చాక చూసుకుందాం. రా. పొద్దున్నే నా వేళ్ళు విప్పడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి.

సూవా